డ్రిల్లులో మునిగిపోయిన మొగుడు

ఆ రేవు ఊళ్ళో సెలూన్ నడిపే గెంజిరోకి రెండే విద్యలు వచ్చు. ఒకటి క్షవరం చెయ్యడం, రెండోది ప్రళయం సినిమాలు చూడడం. మొదటిదాంట్లో అప్పుడప్పుడు గాట్లు పడేవి గానీ, రెండోదాంట్లో ఆయనకు తిరుగులేదు.

మంచం పక్కనే నిలువెత్తు బీరువా, దాని నిండా ఆ సినిమాల డిస్కులు.

"భూకంపం వస్తే ముందు మన మీద పడేది అదే. గోడకు బిగించండి మహాప్రభో!" అని భార్య తోమియే పదేళ్ళుగా మొత్తుకుంటోంది.

"హీరో అన్నవాడు బీరువాలు బిగించుకుంటూ కూచోడే. పెళ్ళాన్ని భుజాన వేసుకుని పరిగెడతాడు."

"మొన్న బియ్యం బస్తా ఎత్తితేనే మీ భుజం పట్టేసింది. నేను రెండు బస్తాల పైమాటే."

గెంజిరోకి పౌరుషం పొడుచుకొచ్చింది. "ఆదివారం సునామీ డ్రిల్లు ఉందిగా! ఊరంతా చూస్తుండగా నిన్ను కాపాడతాను. అప్పుడు బీరువా ఊసెత్తకూడదు. కాపాడలేకపోతే నా చేత్తోనే బిగిస్తా."

తోమియే నవ్వలేదు. "మన ఊరి పద్ధతి మర్చిపోయారా? సైరన్ మోగితే ఎవరికి వాళ్ళే కొండెక్కాలి. వెనక్కి తిరక్కూడదు. మనవాళ్ళు కూడా పరిగెడుతుంటారని నమ్మాలి."

"అది మొగుడూ పెళ్ళాల పద్ధతా? పగవాళ్ళ పద్ధతి!"

ఆదివారం పది గంటలకు సైరన్ కూసింది. గెంజిరో మేడమీద హెల్మెట్ పెట్టుకుని, నడుముకు తాడు కట్టుకుని, గొంతు సవరించుకుని దిగేసరికి వంటింట్లో పొయ్యి ఆర్పేసి ఉంది. తోమియే లేదు.

"తోమియే!" అని సినిమాలో లాగే గావుకేక పెట్టాడు. స్నానాలగది చూశాడు, పరుపుల అలమర చూశాడు, చివరికి ఊరగాయ తొట్టి మూత కూడా ఎత్తి చూశాడు. ఇలాంటప్పుడు హీరో ఇంటి కప్పు ఎక్కుతాడని గుర్తొచ్చి, కప్పెక్కాడు. తాడు యాంటెనాకి చుట్టుకుంది. తలకిందులుగా వేలాడాడు.

కొండమీద పేట సంఘం పెద్ద కుమగాయ్ మైకు అందుకున్నాడు. నిద్రలో కూడా మైకు వదలడని ఆయన్ని ఊరంతా మైకు కుమగాయ్ అంటారు. "ఎనిమిది నిమిషాల్లో నూట నలభై మంది చేరారు. ఒకరు మునిగిపోయారు. సెలూన్ గెంజిరో గారు. ప్రస్తుతం చూరుకి వేలాడుతున్నారు."

ఇద్దరు కుర్రాళ్ళు దించి తీసుకొచ్చారు. డ్రిల్లయ్యాక అందరికీ వేడి వేడి పందిమాంసం చారు పోస్తారు. గెంజిరో గిన్నె చాపాడు.

"మునిగినవాళ్ళకి చారేమిటండీ? అలా పక్కన కూచోండి," అన్నాడు కుమగాయ్.

గెంజిరో మండిపడ్డాడు. "నేను ఆగింది నా పెళ్ళాం కోసమే! ఇదేమో నన్నొదిలేసి పారిపోయింది!"

తోమియే గిన్నె కింద పెట్టింది. "అసలు సునామీ వచ్చిననాడు మా నాన్న కూడా మాకోసమే ఆగాడు. మేమంతా అప్పటికే ఈ మెట్టు మీద ఉన్నాం. ఆయన ఇంట్లో మమ్మల్ని గది గదికీ వెతుకుతూ ఉండిపోయాడు."

తోమియే మొగుడి వైపు తిరిగింది.

"సినిమాలో వెనక్కి వెళ్ళినవాడు బతుకుతాడు. వాడికి మర్నాడు కూడా షూటింగ్ ఉంటుంది కనక! నేను సముద్రానికి ఒకణ్ణి ఇచ్చాను. రెండోవాణ్ణి ఇవ్వను. అది కొండంత ఎత్తు లేచి అడిగినా సరే, ఇవ్వనంటే ఇవ్వను!"

ఆ సాయంత్రం గెంజిరో బీరువా బిగించాడు. స్క్రూలు మూడు వంకర పోయాయి.

నెల తిరిగాక ఒక బుధవారం, కుమగాయ్‌కి ఒక చెంప గీసి రెండోదానికి నురగ రాస్తుండగా నేల ఊగింది. వెంటనే సైరన్. ఈసారి డ్రిల్లు కాదు. తోమియే చేపల బజారుకి వెళ్ళింది.

గెంజిరో మెడ బజారు వైపు తిరగబోయింది. కుదురు లేని గిరాకీ తలను పట్టుకున్నట్టు తన తలను తనే రెండు చేతులా పట్టుకుని, కొండకేసి పరుగు లంకించుకున్నాడు. వెనకాలే నురగతో కుమగాయ్.

అందరికంటే ముందు పైకి చేరింది గెంజిరోనే. అక్కణ్ణించి మెట్ల వైపే చూస్తూ నిలబడ్డాడు. నాలుగు నిమిషాలు. అంత పొడుగు సినిమా ఆయన జన్మలో చూడలేదు.

తోమియే ఆయాసపడుతూ వచ్చింది. కింద సముద్రం జానెడు లేచి, వెనక్కి పోయింది.

"నాకోసం వెతికారా?"

"లేదు."

"వెనక్కి చూశారా?"

"ఒట్టు, చూడలేదు."

"మరి ఆ కళ్ళేమిటి?"

"నురగ పడింది."

తోమియే కుమగాయ్ చేతిలో మైకు లాక్కుంది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆవిడ గొంతు అంత గర్వంగా పలకడం ఊరు ఎప్పుడూ వినలేదు.

"అందరూ వినండర్రా! మా ఆయన నన్నొదిలేసి పారిపోయాడు!"

కొండంతా చప్పట్లు కొట్టింది. సిగ్గుపడాలో సంతోషించాలో తెలియక గెంజిరో వంగి దణ్ణం పెట్టాడు.