గణపతిరావు దుప్పటి

ఏప్రిల్ నెల. ఎనిమిది కాకుండానే చోడవరంలో ఎండ మాడు పగలగొడుతోంది. అలాంటి పొద్దున గణపతిరావు చొక్కా విప్పేసి, మెడ దాకా దుప్పటి కప్పుకుని, ముందుగదిలో పడకకుర్చీలో కూర్చున్నాడు. మతిపోయి కాదు. దుప్పటి లోపల, అతని ఛాతీకి అంటుకుని, ఎనిమిది రోజుల మనవరాలు నిద్రపోతోంది.

అది ఆశా కార్యకర్త షర్మిల అప్పజెప్పిన పని. పిల్ల నెల ముందే పుట్టింది. పుట్టినప్పుడు కేజీ ఎనిమిది వందలు. మూడు రోజుల కిందట తూస్తే ఇంకో ఇరవై గ్రాములు తగ్గింది. "ఒంటికి ఒళ్ళు తగిలించి ఎచ్చగా ఉంచండి. తల్లిపాలు తప్ప ఇంకేటీ పట్టకండి. మళ్ళీ వచ్చి తూస్తాను, పెరక్కపోతే ఆస్పత్రికి తీసికెళ్ళిపోవాల" అని చెప్పి వెళ్ళింది. ఆ తూకం ఈ రోజే, పదిగంటలకి.

కూతురు రోజాకి ఆపరేషన్ కుట్లు ఇంకా మానలేదు. రాత్రంతా పిల్లని గుండెల మీద పెట్టుకుని తెల్లారేసరికి సోలిపోతోంది. అల్లుడు ప్రేమ్‌కుమార్‌కి విశాఖపట్నంలో డ్యూటీ. భార్య అప్పలనరసమ్మకి వంట, చాకిరీ. ఇక మిగిలింది తాతే.

చిక్కల్లా ఒకటే. పదకొండో రోజున గానీ పురుడు లేదు. అది అవకుండా మగాడు పిల్లని ముట్టుకున్నాడంటే వీధి వీధంతా బుగ్గలు నొక్కుకుంటుంది. పైగా ఇంత చిన్న పిల్లని చూస్తే దిష్టి. "ఎవులికీ సెప్పకండి. నోరిప్పేరంటే నాను ఊరుకోను" అని మొగుణ్ణి బెదిరించి, అప్పలనరసమ్మ పెరటి చివర నూతి దగ్గర బట్టలు ఉతకడానికి వెళ్ళింది. ముప్ఫై ఏళ్ళు చెరకు కాటా దగ్గర లారీలు తూచిన మనిషి, నాలుగు గ్రాముల కోసం దేవుళ్ళందరినీ వేడుకుంటూ, ఊపిరి కూడా మెల్లగా తీస్తున్నాడు.

అప్పుడు వచ్చాడు పక్కింటి సత్యారావు, రోజూలాగే పేపరు కోసం.

"ఏటి బావా, ఈ ఎండలో దుప్పటేటి?"

పిల్ల లేస్తుందని గణపతిరావు గుసగుసగా అన్నాడు. "ఏటీ నేదు. నువ్వెళ్ళు."

"గొంతేటైంది? గట్టిగా మాట్లాడు!"

"ఎళ్ళరా బాబూ!"

"సరే, ఆ పేపరిలా ఇయ్యి."

పేపరు కుడిపక్కన ఉంది. కుడిచెయ్యి దుప్పటి లోపల పిల్లని పట్టుకుని ఉంది. గణపతిరావు ఎడమచేత్తో వంకరగా అందుకోబోయి కింద పడేశాడు. సత్యారావు మొహం పాలిపోయింది. మాట పెగలడం లేదు, కుడిచెయ్యి లేవడం లేదు, ఏప్రిల్లో చలి. ఇంకేముంది!

"పచ్చవాతం బాబోయ్!" అని వీధిలోకి పరుగెత్తాడు.

పాపం, ప్రాణం పెట్టే మనిషి కనక అక్కడితో ఆగలేదు. "మీ మావయ్యకి బాగోనేదు, ఉన్నపళంగా బయల్దేరు" అని ప్రేమ్‌కుమార్‌కి ఫోన్ కొట్టాడు. వీధి చివర మందులిచ్చే దాసుని లాక్కొచ్చాడు. గంట తిరిగేసరికి ముందుగదిలో ఇరవైమంది మగాళ్ళు. నెలనెలా షర్మిల నాన్నల మీటింగు అని పిలిస్తే ఒక్కడూ రాని వీధి అది!

"నవ్వు బావా! మూతి వంకర పోతందేటో సూస్తాను" అన్నాడు సత్యారావు.

గణపతిరావు పళ్ళు కొరికాడు.

"సూసేరా, దవడ బిగిసిపోతంది!"

దాసు దుప్పటి లాగబోతే గణపతిరావు ఎడమచేత్తో గట్టిగా పట్టుకున్నాడు. చేసేది లేక దాసు దుప్పటి అంచు లోంచి స్టెతస్కోపు దూర్చి, వాచీ చూసుకుంటూ విన్నాడు. వింటూ వింటూ చెమటలు కక్కాడు.

"నూట నలభై! గుండె నూట నలభై కొట్టుకుంతంది! ఈ లెక్కన ఈ మనిషి బతికుండకూడదు!"

సత్యారావు భోరుమన్నాడు. "బావా! మొన్న పేకాటలో నిన్ను దొంగన్నాను, మనసులో పెట్టుకోకు బావా!"

ఆ ఏడుపుకి ఇంకో ఏడుపు తోడైంది. సన్నగా, గణపతిరావు గుండెల్లోంచి. దాసు రెండడుగులు వెనక్కి వేశాడు.

పెరట్లోంచి తడిచేతులతో పరుగెత్తుకొచ్చిన అప్పలనరసమ్మ, జనాన్ని చూసి గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. ఇక దాచేదేముంది! గణపతిరావు దుప్పటి కొంచెం దించాడు. టోపీ పెట్టిన గుప్పెడు తల కనిపించింది.

"అవును, ముట్టుకున్నాను. పురుడవనేదు. ఈ గుంట బతికితేనే గదరా పురుడు సేసుకునేది! నా ఒంటి వేడి దీనికి కావాల. ఎవులేటనుకున్నా నాను దింపను."

ఎవరూ బుగ్గలు నొక్కుకోలేదు. సత్యారావు కళ్ళు తుడుచుకుని, పిల్లకి గాలి తగలకుండా వీధి తలుపు దగ్గరగా వేశాడు.

పదిగంటలకి షర్మిల స్ప్రింగు కాటా తెచ్చింది. పిల్లని జోలెలో పెట్టి ఎత్తింది. ముల్లు ఊగి ఊగి నిలిచింది. లారీలు తూచిన కళ్ళకి నీళ్ళు అడ్డొచ్చి ఆ ముల్లు కనిపించలేదు.

"కేజీ ఎనిమిది వందల నలభై" అని షర్మిలే చదివింది. "అరవై గ్రాములు పెరిగింది తాతా. ఆస్పత్రి అక్కర్లేదు."

రోజా గోడ పట్టుకుంటూ వచ్చి, "నాన్నా" అని తండ్రి భుజం మీద తల ఆనించింది.

దొరక్క దొరికిన జనాన్ని షర్మిల వదులుతుందా? గుమ్మానికి అడ్డంగా నిలబడి, చేతులు కడుక్కోవడం దగ్గర్నుంచి పిల్లని ఎలా పట్టుకోవాలనేదాకా ఇరవైమందికీ చెప్పింది. తాత ఛాతీయే బొమ్మల చార్టు. అంతలో ప్రేమ్‌కుమార్ "మావయ్యా!" అని ఏడుస్తూ వచ్చి పడ్డాడు.

"మీ మావయ్యకేటీ అవనేదు గానీ, సేతులు కడుక్కుని సొక్కా ఇప్పండి బాబూ" అంది అప్పలనరసమ్మ. "ఇప్పుడు మీ డ్యూటీ."

ఆ రోజు నుంచి దాసు ఎవరికి స్టెతస్కోపు పెట్టబోయినా ముందో మాట అడుగుతున్నాడు: "లోపల ఇంకెవులైనా ఉన్నారా?"