తాకట్టులో అత్తగారు

ఆ శనివారం పొద్దున అద్దాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి అత్తగారితో వెళ్ళి ఒక సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ బండి చూడాలి, ఏదో వంక పెట్టి వద్దనాలి. ఆవిణ్ణి ఇంటి దగ్గర దింపి, పదకొండింటికి భార్యతో షోరూంలో కొత్త ఎలక్ట్రిక్ బండి చూడాలి, అక్కడా ఏదో వంక పెట్టి వద్దనాలి. ఆ తర్వాత ఏం కొనాలన్నది మాత్రం పథకంలో లేదు.

అద్దాలాయన అన్నది వీధివాళ్ళు పెట్టిన పేరు. కళ్ళజోళ్ళ షాపులో చూపు పరీక్ష చేస్తాడు. ఎదుటివాళ్ళ ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టి, ఒక అద్దం వేసి, తీసి, ఇంకొకటి వేసి, "ఇది బాగా కనిపిస్తోందా, అదా?" అని రోజంతా అడుగుతూ ఉంటాడు. అంతమంది చేత అన్నిసార్లు ఏదో ఒకటి తేల్పించినవాడు, తన విషయానికొచ్చేసరికి చొక్కా కొనడానికి వెళ్ళి జేబురుమాలు కొనుక్కొచ్చే రకం.

ఇప్పుడు తేల్చక తప్పని పరిస్థితి వచ్చిపడింది. సోమవారం నుంచి అతన్ని ఊరికి ఆ చివర తెరుస్తున్న కొత్త బ్రాంచికి మార్చారు. షట్టరు తాళాలు కూడా అతని చేతిలోనే పెట్టారు. బస్సులు మారి వెళ్తే షట్టరు ఎప్పుడు లేస్తుందో దేవుడికే తెలియాలి. "కొత్తదే కొనాలి. ఎవరో వాడి వదిలించుకున్న రోగాలు మనకెందుకు?" అని భార్య. "పాతదే మేలు. దాని రోగాలేవో ఈపాటికి బయటపడి ఉంటాయి" అని అత్తగారు. మాటా మాటా పెరిగి తల్లీకూతుళ్ళు మాట్లాడుకోవడం మానేశారు. చెప్పుకోవలసినవన్నీ అతని ద్వారానే.

"బాబూ, టీ చల్లారిపోతోందని మీ ఆవిడకి చెప్పండి."

"ఏవండీ, నాకు టీ వద్దని మీ అత్తగారికి చెప్పండి."

ఇద్దరూ అతనికి చెరోపక్కనే కూర్చుని ఉన్నారు.

వినేవాళ్ళకి నవ్వులాటగా ఉంటుంది గానీ అతనికి కాదు. లేచిన దగ్గర్నుంచీ ఆ ఇద్దరి కబుర్లతో గోలగోలగా ఉండే ఇల్లు వారంగా బావురుమంటోంది. పైగా నిన్న అత్తగారు మంచం కింది బ్యాగు పైకి తీసి దుమ్ము దులిపారు. "పెద్దమ్మాయి రమ్మంటోంది" అన్నారు గాలిలోకి చూస్తూ. ఆవిడ వెళ్ళిపోతే భార్య ఏడుస్తుందని అతనికి తెలుసు. ఏడుస్తూ కూడా తనదే రైటంటుందనీ తెలుసు. అందుకే ఒకరికి తెలియకుండా ఒకరికి మాట ఇచ్చేశాడు. షోరూం వైపు తొంగి కూడా చూడనని అత్తగారికి, పాత బండి పేరెత్తనని భార్యకి.

పాత బండి రిటైరైన గుమాస్తాగారిది. దుప్పటి కప్పి, వరండాలో గోడవారగా నిలబెట్టారు. దుప్పటి తీసేటప్పుడు ఆయన ముఖంలో పిల్లను చూపించే తండ్రి బెంగ కనిపించింది.

"రాత్రంతా చార్జింగ్‌లో పెట్టానండీ, బ్యాటరీ నిండుగా ఉంది. ఆ మీటరులో గీతలు చూసి కంగారు పడకండి, దానికి కాస్త మతిమరుపు."

పక్కన తువ్వాళ్ళు మడతపెడుతున్న ఆయన భార్య ఇంకాస్త తలవంచుకుని మడతపెట్టసాగింది.

"ఒక చుట్టు నడిపి చూస్తానండీ" అన్నాడు అద్దాలాయన.

"చూడండి. కానీ ఏదైనా పెట్టి వెళ్ళాలి. పోయినసారి ఒకాయన ట్రయల్ అని వెళ్ళి సాయంత్రానికి తోసుకుంటూ వచ్చాడు. ఈలోపల నా ప్రాణం పైకి పోయింది."

అద్దాలాయన జేబులు తడుముకున్నాడు. పర్సు తేలేదు. ఫోన్ ఇస్తే, భార్య చేసినప్పుడు ఈయన ఎత్తుతారు. వాచీ తీసి ఇవ్వబోతే గుమాస్తాగారు చెవి దగ్గర పెట్టుకుని, ఆగిపోయిందని తిరిగి ఇచ్చేశారు. అంతలో అత్తగారు కొంగు సర్దుకుని కుర్చీలో కూలబడ్డారు.

"నేనుంటాను. మీరు వెళ్ళి రండి బాబూ."

"మనిషిని ఎలా పెట్టుకోమంటారమ్మా?" అన్నారు గుమాస్తాగారు.

"ఏం, ఆ వాచీపాటి విలువ చేయనా నేను?"

గుమాస్తాగారు బండి తాళం చెవి అద్దాలాయన చేతిలో పెట్టేశారు. అత్తగారు తాకట్టులో ఉండిపోయారు. బండి గేటు దాటింది.

ఒక చిన్న చుట్టు, అంతే అనుకున్నాడు. కానీ ఆ బండి చప్పుడు లేకుండా, కుదుపు లేకుండా, అడక్కుండానే అర్థం చేసుకున్నట్టు వెళ్తోంది. రెండో మలుపు తిరిగేసరికి అద్దాలాయనకి పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ జరగని పని ఒకటి జరిగింది. ఒక నిర్ణయం తీసుకున్నాడు. కొంటే ఇదే కొనాలి! ఆ సంతోషంలో కొత్త బ్రాంచి దాకా వెళ్ళి, మూసి ఉన్న షట్టరును ఒకసారి తృప్తిగా చూసి వెనక్కి తిరిగాడు. మీటరులో ఒకే ఒక్క గీత మిగిలింది. మతిమరుపు అనుకున్నాడు. ఆ గీత కూడా పోయింది. ఇంకో నాలుగు అంగల్లో బండి ఆగింది.

నడుస్తున్నంతసేపూ దూదిలా ఉన్న బండి, ఆగాక బండరాయైంది. తోస్తుంటే చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఫోన్ మోగింది. "ఎక్కడున్నారండీ?" అని గుమాస్తాగారు. "వచ్చేస్తున్నా, మలుపులోనే ఉన్నా" అన్నాడు. ఏ ఊరి మలుపో చెప్పలేదు. టైము పది దాటింది. వెనక్కి తోసుకెళ్తే మధ్యాహ్నం అవుతుంది. కళ్ళెదురుగా ఉన్నది షోరూం ఒక్కటే. భార్య వచ్చేలోపల అక్కడ కాస్త చార్జింగ్ పెట్టుకుని, ఆవిడ కంట పడకుండా బండిని పక్కసందులో దాచేద్దామనుకున్నాడు.

షోరూం గాజు తలుపు తెరుచుకోగానే ఎదురుగా సోఫాలో భార్య. ఆఫీసులో పర్మిషన్ పెట్టి, చెప్పిన టైము కంటే ముందే వచ్చి కూర్చుంది.

"రండి సార్, ఎక్స్‌చేంజా?" అంటూ సేల్స్‌మ్యాన్ పరిగెత్తుకొచ్చి బండి అందుకున్నాడు.

భార్య లేచి నిలబడింది. "ఇదెవరిది?"

ఒక్క నిజం చెబితే సరిపోయేది. కానీ నిజం చెప్పాలంటే ముందు అత్తగారి సంగతి చెప్పాలి. "దార్లో ఎవరో తాతగారి బండి ఆగిపోయింది. పాపం, తొయ్యలేకపోతుంటే నేను తోసుకొచ్చా" అన్నాడు.

భార్య ముఖం మెత్తబడింది. కొంగుతో అతని నుదురు తుడిచింది. ఆ తుడవడంతో అతనికి ఉన్న చెమటకి తోడు ఇంకాస్త పట్టింది.

"మరి ఆ తాతగారేరీ?"

"వెనకాల... మెల్లిగా నడిచి వస్తున్నారు."

"ఇంత ఎండలోనా? బాబూ, కాస్త ఆయన్ని పిలుచుకు రావూ?"

సేల్స్‌మ్యాన్ రివ్వున వెళ్ళి, నిజంగానే ఒక తాతగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. బయట గోడ పక్కన నీడలో నడుస్తున్న పెద్దమనిషట. ఏసీ కింద కూర్చోబెట్టి చల్లటి నీళ్ళిచ్చారు. ఆయన హాయిగా తాగి, గ్లాసు చాపి, ఇంకో గ్లాసు అడిగాడు.

"బండి మీదేనా తాతగారూ?" అంది భార్య.

తాతగారు బండిని చూశాడు, నీళ్ళని చూశాడు, తలూపాడు.

"బాగా నడుస్తుందా?"

"బంగారంలా నడుస్తుందమ్మా."

అద్దాలాయన గోడకి ఆనుకున్నాడు. ఈలోపల మెకానిక్ బండికి చార్జింగ్ పెట్టి, "బ్యాటరీకి ఏం లోపం లేదండీ. రాత్రి సరిగ్గా ఎక్కలేదు, అంతే" అన్నాడు. భార్య అటూ ఇటూ చూసింది. కొత్త బండి వెనక సీటు ఎక్కాలంటే నిచ్చెన వేసుకునేలా ఉంది. పైగా ఇవాళ బుక్ చేస్తే రెండు నెలలకి గానీ రాదని సేల్స్‌మ్యాన్ నసుగుతూ బయటపెట్టాడు. "తాతగారూ, ఒక్కసారి నడిపి చూడనా?" అంది. తాతగారు ఉదారంగా చెయ్యి ఊపాడు. షోరూం ముందు ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి ఆవిడ ముఖం, రెండో మలుపు దగ్గర అద్దాలాయన ముఖం ఎలా ఉండి ఉంటుందో అలా ఉంది.

"ఏవండీ, ఇది మనకిచ్చేస్తారేమో అడగండి."

"పాత బండి కదా! రోగాలూ..."

"దీనికేం రోగం? రాయిలా ఉంది. తాతగారూ, అమ్ముతారా?"

"నువ్వడిగాక కాదంటానా తల్లీ" అన్నాడు తాతగారు. భార్య హ్యాండ్‌బ్యాగు జిప్పు లాగింది. దారినపోయే దానయ్య ఒకడు, తనది కాని బండిని, అద్దాలాయన కళ్ళముందే, అతని భార్యకి అమ్మేస్తున్నాడు. సరిగ్గా అప్పుడే టేబుల్ మీద పెట్టిన అతని ఫోన్ మోగింది. నంబరు తెలియనిదే అయినా దగ్గరగా ఉన్న భార్యే ఎత్తింది.

"బాబూ, ఆ బండి మనకొద్దు!" అని అవతల్నుంచి గట్టిగా వినిపించింది. "అది దార్లో ఆగిపోతుందట. ఇక్కడి వదినగారే, అదే గుమాస్తాగారి భార్యే, చాటుగా చెప్పింది. కొత్తదే కొనుక్కుందాం!"

"అమ్మా?" అంది భార్య. "నువ్వెక్కడున్నావే?"

"తాకట్టులో ఉన్నానే."

వారం తర్వాత తల్లీకూతుళ్ళు మొదటిసారి నేరుగా మాట్లాడుకుంటున్న సంగతి వాళ్ళిద్దరికీ తట్టలేదు. అద్దాలాయనకి తట్టింది. నిజం అంతా గడగడా చెప్పేశాడు. భార్య అతని వైపు చూసిన చూపుకి మెకానిక్ కూడా పక్కకి తప్పుకున్నాడు. తర్వాత ఆవిడ తాతగారి వైపు తిరిగింది.

"బండి మీది కాదా?"

"ఎవరేమన్నా కాదనడం నాకు చేతకాదమ్మా" అని తాతగారు మూడో గ్లాసు అందుకున్నాడు.

గుమాస్తాగారింటికి భార్యే బండి నడిపింది, భర్త వెనక కూర్చున్నాడు. గేటు దగ్గరే గుమాస్తాగారు, వరండాలో కుర్చీలో అత్తగారు ఎదురుచూస్తున్నారు.

"అమ్మా, ఇదే తీసుకుందాం. ఎక్కడా ఆగలేదు, పువ్వులా నడిచింది."

"నీకేం తెలుసే? అది దార్లో ఆగిపోయే రకం! పాతవి ఎప్పటికైనా పాతవే! గ్యారంటీ ఉండేది కొత్తదానికే!"

"నువ్వేగా పాతదే మేలన్నావు?"

"నువ్వేగా కొత్తదన్నావు?"

"ఆగండమ్మా!" అన్నారు గుమాస్తాగారు. "నా బండికి ఆగిపోయే రోగమని ఎవరన్నారు?"

"దానికి రోగమేం లేదండీ. రాత్రి చార్జింగే ఎక్కలేదట" అంది అద్దాలాయన భార్య.

"రాత్రంతా పెట్టానంటుంటే!"

అందరూ గోడ మీది స్విచ్చు వైపు చూశారు. ఆ తర్వాత గుమాస్తాగారి భార్య వైపు చూశారు. ఆవిడ చేతిలో తువ్వాలు పక్కన పెట్టింది.

"నేనే ఆపేశాను. ఎవరైనా చూడ్డానికి వస్తారంటే ముందు రాత్రి ఆపేస్తున్నాను. ఏం చెయ్యమంటారు? ఆ బండి ఉండబట్టే ఈయన పొద్దున్నే బయటికెళ్ళి సాయంత్రం వస్తున్నారు. అది పోతే రోజంతా ఇంట్లోనే ఉంటారు. గిన్నెలు ఏ వరసలో తోమాలో కూడా నాకు నేర్పుతారు."

గుమాస్తాగారి ముఖం కందగడ్డయింది. "అయితే నేనింట్లో ఉండటం నీకంత బరువైపోయిందా? సరే! బండి అమ్మను. ఇంట్లోనూ ఉండను!" బండి ఎక్కి, చప్పుడు చేస్తూ వెళ్ళాలని ఎంత కోపం ఉన్నా ఆ బండికి చప్పుడు లేదు గనక, మెత్తగా మలుపు తిరిగి మాయమయ్యారు.

ఆవిడ గేటు వేసి వచ్చింది. "ఇక సాయంత్రం దాకా రారు. కూర్చోండి వదినగారూ, టీ పెడతాను."

ఇంటికి బస్సులోనే వెళ్ళారు. తల్లీకూతుళ్ళు ఒకే సీట్లో ఇరుక్కుని, కొత్తదని ఒకరు, పాతదని ఒకరు, దిగేదాకా వాదించుకున్నారు. పక్కన కడ్డీ పట్టుకుని నిలబడ్డ అద్దాలాయనని ఎవరూ ఏదీ ఎవరికీ చెప్పమనలేదు. అతనికి బండి లేదన్న బాధ ఆ కాసేపు గుర్తురాలేదు. రాత్రి అత్తగారు బ్యాగు మళ్ళీ మంచం కిందకి తోసేశారు. "నేను వెళ్ళిపోతే ఇది ఏ పాత డొక్కో తెచ్చి మీ నెత్తిన పెడుతుంది బాబూ" అన్నారు.

సోమవారం తెల్లవారకుండానే బయలుదేరి, బస్సులు మారి, చెమటలు కక్కుతూ షట్టరు ఎత్తాడు. మొదటి మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, ఫ్రేము పెట్టి, ఒక అద్దం వేసి, తీసి, ఇంకొకటి వేశాడు.

"ఇది బాగుందా, అదా?"

ఆ మనిషి చాలాసేపు చూశాడు. "రెండూ ఒకేలా ఉన్నాయండీ."

అద్దాలాయన ఆయన దగ్గర పరీక్ష ఫీజు తీసుకోలేదు.