అభ్యంతరం ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి

ఆదివారం జనార్దనరావు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదింటికి కమ్యూనిటీ హాల్లో మీటింగు, పదీ పావుకి ఓటింగు, పదిన్నరకి ఇంటికొచ్చి పెసరట్టు.

దేశ రాజధానిలో, ద్వారక పేటలోని ఆ అపార్ట్‌మెంట్ల సొసైటీకి ఆయన సెక్రటరీ. గేటు బయట రోడ్డు మీద రెండు నెలల్లో మూడు గొలుసులు తెంపుకుపోయారు. అందులో ఒకటి ఆయన భార్య సరోజది. ఆ రోజు నుంచి ఆవిడ సాయంత్రం నడక మానేసి బాల్కనీలోనే అటూ ఇటూ తిరుగుతోంది. అది చూసినప్పుడల్లా ఆయనకి ప్రాణం ఉసూరుమనేది. గేటు దగ్గర పోలీసు బూత్ కట్టించాలని పట్టుబట్టాడు. ఖర్చు సొసైటీ పెట్టుకుంటే సరేనన్నారు పోలీసులు. దానికి ఓటింగు జరగాలి, ఓటింగుకి అరవైమంది సభ్యులు రావాలి. మూడుసార్లు మీటింగు పెడితే మూడుసార్లూ పదిమంది దాటలేదు. ఈ ఆదివారం తీర్మానం చెయ్యకపోతే బూత్ పక్క సొసైటీకి పోతుందని ఇన్‌స్పెక్టర్ దహియా తేల్చి చెప్పేశాడు.

తీరా హాలు తలుపు తీస్తే లోపల అరటి పిలకలు, మామిడి తోరణాలు, పీటల మీద బి బ్లాకు సదాశివరావు, ఆయన భార్య లలితకుమారి!

"రండి రండి జనార్దనరావుగారూ! ముహూర్తం పదీ ఇరవైకి," అన్నాడు సదాశివరావు నుదుటి బాసికం సర్దుకుంటూ.

"ఏం ముహూర్తమండీ బాబూ? ఇవాళ నా మీటింగు!"

"నా షష్టిపూర్తి కూడానండీ. హాలు ఇచ్చింది మీరేగా? ఇదిగో మీ సంతకం."

సంతకం ఆయనదే. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో గుమస్తా పెన్సిలుతో టిక్కు పెట్టిన చోటల్లా ముప్ఫై రెండేళ్ళు తలెత్తకుండా సంతకాలు చేశాడు మహానుభావుడు. రిటైరయ్యాక సొసైటీ గుమస్తా చేత కూడా టిక్కులు పెట్టించుకుంటున్నాడు.

"పోనీ, ఆ మూల మీరు కానివ్వండి, ఈ మూల మేం కానిస్తాం," అన్నాడు సదాశివరావు. మంచి మనిషి.

పదింటికి సభ్యులు తొమ్మిదిమంది వచ్చారు. తొమ్మిదోవాడు నారంగ్. తన రెండు కార్లనీ ఫుట్‌పాత్ మీద పెట్టుకునే నారంగ్‌కి పోలీసు బూత్ అంటే ఒళ్ళుమంట. సదాశివరావు చుట్టాలు మాత్రం ఇందిరాపురం నుంచీ, ఇంకా ఎక్కడెక్కడి నుంచో ఎనభైమంది దిగారు.

ఇన్‌స్పెక్టర్ దహియా వచ్చి, నిండిన హాలు చూసి పొంగిపోయాడు. "వాహ్ రావ్‌సాబ్, కమాల్ కర్ దియా!" అంటూ జనార్దనరావు నోరు తెరిచేలోగా మైకు లాక్కున్నాడు. పీటలకీ జనానికీ మధ్య నిలబడి, బూత్ కావాలనేవాళ్ళు చేతులెత్తండని హిందీలో గట్టిగా అడిగాడు. సరిగ్గా అప్పుడే పురోహితుడు "గట్టిమేళం! గట్టిమేళం!" అని అరిచాడు.

సన్నాయి అందుకుంది. ఎనభై చేతులు లేచాయి. ఎనభై గుప్పిళ్ళ అక్షింతలు దహియా టోపీ మీదా, మీసాల మీదా, భుజం మీది నక్షత్రాల మీదా పడ్డాయి.

"అయ్యో, ఆయన్ని దీవించేశారే!" అంది మీటింగుకని భర్త వెంటే వచ్చిన సరోజ.

దహియా రెండు చేతులూ జోడించాడు. "ఇరవై ఏళ్ళ నౌకరీలో పబ్లిక్ నా మీద రాళ్ళు వేసింది గానీ, బియ్యం వెయ్యడం ఇదే మొదటిసారి," అన్నాడు హిందీలో.

"ఫ్రాడ్!" అని లేచాడు నారంగ్. "యే సబ్ బాహర్ కే లోగ్ హైఁ!" అంటూ చుట్టాలవైపు వేలు చూపించాడు.

దహియా మొహం మారిపోయింది. ఇందులో మీ సభ్యులు ఎంతమందని అడిగాడు. అబద్ధమాడినా అప్పటికప్పుడు లెక్క తేలేది కాదు. కానీ జనార్దనరావు వల్ల కాలేదు.

"తొమ్మిదిమంది సార్."

"పోనీలెండి, మనకి బాల్కనీ ఉందిగా," అంది సరోజ మెల్లిగా. ఆ మాటకి ఆయనకి నిజంగా ఏడుపొచ్చింది.

"ముందు భోంచెయ్యండి, తర్వాత బాధపడుదురుగాని," అని సదాశివరావు దహియాని కూడా ఆపి వడ్డనలు మొదలుపెట్టించాడు. సన్నాయి విని, సాంబారు వాసన పట్టి, నాలుగు బ్లాకుల జనం మెట్లు దిగడం మొదలెట్టారు. "ఆంటీ, సౌత్ ఇండియన్ షాదీ హై క్యా?" అన్నవాళ్ళందరికీ లలితకుమారి "ఆయియే, ఆయియే" అంటూ ప్లేట్లు చేతికిచ్చింది.

కాసేపటికి సరోజ పరుగున వచ్చింది. "ఏమండీ! మన సభ్యులే అరవై నలుగురు! ఫ్లాటు నంబర్లతో సహా రాసుకున్నాను. త్వరగా చేతులెత్తించండి!"

"ఎలా ఎత్తుతారే? ఒక చేతిలో ప్లేటు, ఇంకో చేతిలో బొబ్బట్టు!"

అంటూనే ఆగిపోయాడు. సర్కారు కొలువులో దేనికీ ఎవరూ ఔనని రాయరు. అభ్యంతరం లేదని రాస్తారు. జనార్దనరావు కుర్చీ ఎక్కి, హిందీలో ఎలుగెత్తి ప్రకటించాడు: గేటు దగ్గర పోలీసు బూత్‌కి సొసైటీ డబ్బిస్తుంది, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి!

హాల్లో నములుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. దహియా కలం తీశాడు. అంతలో మోచేతి దాకా నెయ్యి కారుతున్న చెయ్యొకటి పైకి లేచింది. నారంగ్‌ది. సరోజ జనార్దనరావు చొక్కా అంచు గట్టిగా పట్టుకుంది.

"బోలియే నారంగ్‌జీ," అన్నాడు జనార్దనరావు.

నారంగ్ నోట్లోని బొబ్బట్టు మింగి, ఖాళీ ప్లేటు చాపాడు. "యే మీఠీ రోటీ... ఏక్ ఔర్ మిలేగీ?"

ఆ సాయంత్రం జనార్దనరావు మినిట్స్ రాశాడు: "అరవై నలుగురు సభ్యుల సమక్షంలో తీర్మానం ఆమోదం పొందినది. ఒక్కరు మాత్రమే చెయ్యెత్తిరి. వారి అభ్యంతరమును నేతితో పరిష్కరించడమైనది."