నీలి రిబ్బను జాతి

మన దేశానికి సొంత పంది జాతి ఒకటి ఉండి తీరాలని పశుసంవర్ధక మంత్రిగారు ప్రకటించిన రోజు మా వీధివాళ్లం అందరం తలెత్తుకుని నడిచాం. అంతకుముందు ఆ లోటు ఉన్నట్టే మాకు తెలియదు.

"నిటారు చెవుల తెల్ల పంది ఒక దేశానిది. చెవులు కళ్లమీద పడే పొడుగు పంది ఇంకో దేశానిది. ఎర్ర పంది సముద్రం అవతలిది. మరి మనదేది?" అని మంత్రిగారు సభలో అడిగారు.

ఒక ప్రొఫెసరుగారు లేచి, అన్నిటికీ అడవిపందే మూలమనీ, మనుషులు దాన్ని చాలాచోట్ల మచ్చిక చేసుకున్నారనీ, ఆ తర్వాత ఓడలెక్కి అటూ ఇటూ తిరిగి జాతులన్నీ కలిసిపోయాయనీ చెప్పబోయారు.

"ఆ అడవి ఏ దేశంలో ఉంది?" అన్నారు మంత్రిగారు.

"అప్పటికి దేశాలు లేవండి."

"మీకు జీతం ఇస్తున్నది ఏ దేశం?"

ప్రొఫెసరుగారు కూర్చున్నారు.

మామూలుగా అయితే పందిని చూసి బొమ్మ వేస్తారు. మంత్రిగారికి అంత తీరిక లేదు కాబట్టి పోస్టరు ముందే వచ్చింది. నల్లటి ఒళ్లు, భుజాల మీదుగా తెల్లటి పట్టీ, నిక్కబొడుచుకున్న రెండు చెవులు, మెడలో నీలి రిబ్బను. కింద 'మన మట్టిలో పుట్టింది' అని పెద్ద అక్షరాలు. బొమ్మ ఎక్కడిదని విలేకరులు అడిగితే, లోతైన పరిశోధన ఫలితమన్నారు పశుసంవర్ధక శాఖ డైరెక్టరుగారు. ఆ బొమ్మను ముందు పెట్టుకుని శాఖవాళ్లు జాతి లక్షణాలు రాసుకున్నారు. రిబ్బనుతో సహా. ఆ తర్వాత అలాంటి పంది కోసం జీపులు బయలుదేరాయి.

వాటిలో ఒకటి మా పిన్ని దొడ్డి ముందు ఆగింది.

పిన్నికి అప్పుడు దేశం గురించి ఆలోచించే ఓపిక లేదు. మంత్రిగారి ఇంటికి వెళ్లే రోడ్డు వెడల్పు చేయాలని మునిసిపాలిటీవాళ్లు ఆమె దొడ్డి గోడకు ఎర్ర రంగుతో గుర్తు వేసి వెళ్లారు. లోపల ఉన్నదల్లా ఒక్క ఆడపంది. అదీ చూడిది, ఇంకో నెలలో ఈనేలా ఉంది. వచ్చే ఏడాది పిన్ని బతుకంతా దాని కడుపులోనే ఉంది. గోడ పడగొడితే దాన్ని ఎక్కడ ఉంచాలో ఆమెకు పాలుపోవడం లేదు.

డైరెక్టరుగారు జేబులోంచి మడతపెట్టిన పోస్టరు తీశారు. నల్లటి ఒళ్లు ఉంది. తెల్లటి పట్టీ ఉంది. ఆయన కళ్లు చెమర్చాయి. అంతలో చెవుల దగ్గరికి వచ్చి ఆగిపోయారు. కుడిది నిలబడి ఉంది, ఎడమది వాలి ఉంది.

"ఇది ఎప్పటినుంచి ఇలా ఉందమ్మా?"

"పుట్టిన దగ్గర్నుంచీ అంతేనండి. దీని తల్లికీ అంతే."

"రిబ్బను ఏది?"

"రిబ్బనేమిటండీ?"

"పుట్టినప్పుడు మెడలో ఏమీ లేదా? బాగా గుర్తు తెచ్చుకోమ్మా."

పిన్ని నా వైపు చూసింది. నేను గోడమీది ఎర్ర గుర్తు వైపు చూశాను.

"ఉండే ఉంటుందండి. కడిగేటప్పుడు ఎక్కడో జారిపోయుంటుంది," అంది పిన్ని.

డైరెక్టరుగారు ఎంతో సంతోషించారు. మంత్రిగారు దాని మెడలో పతకం వేసిన క్షణం నుంచీ ఆ గోడ ప్రభుత్వ రక్షణలో ఉంటుందని మాట ఇచ్చారు. చెవి సంగతి శాఖ చూసుకుంటుందన్నారు.

శాఖ చూసుకుంది. మొదట జిగురు రాస్తే పంది విదిలించుకుంది. తర్వాత తీగ ఆనించి నల్ల టేపు చుట్టారు. ఆ బాధకు అది తిండి మానేసింది. పిన్ని తొట్టి పక్కన చతికిలబడి, ఒక్కరోజు ఓర్చుకోవే తల్లీ, నీ పిల్లల కోసమే కదా ఈ గోడ అని బతిమాలింది. ఈలోపు బడిపిల్లల్ని వరసగా తీసుకొచ్చి ఆ చెవికి సెల్యూట్ కొట్టించారు.

పతకం రోజున ఎర్ర గుర్తు మీద స్వాగతం బ్యానరు కట్టారు. మంత్రిగారు పతకం పట్టుకుని వంగారు. పంది తల విదిలించింది. టేపు ఊడి వెళ్లి మంత్రిగారి కళ్లజోడుకు అతుక్కుంది. ఎడమ చెవి నెమ్మదిగా, అందరూ చూస్తుండగానే, వాలిపోయింది.

పిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. డైరెక్టరుగారు పందికంటే నల్లబడ్డారు. మంత్రిగారు టేపు తీసి ఆయన చేతిలో పెట్టి మైకు అందుకున్నారు.

"చూశారా? రెండు చెవులూ నిక్కితే అహంకారం. రెండూ వాలితే బానిసత్వం. ఒకటి నిలిపి ఒకటి వాల్చేది మన పంది ఒక్కటే. కుడిది ఆత్మగౌరవం, ఎడమది వినయం."

చప్పట్లు ఆగలేదు. అందరికంటే గట్టిగా కొట్టింది ప్రొఫెసరుగారు. అక్కడికక్కడే జాతి లక్షణాలు సవరించి, ఊళ్లో పోస్టర్లన్నిటి మీదా ఎడమ చెవి వాల్చి రమ్మని పెయింటర్లను పంపారు. మునిసిపాలిటీ మనిషే స్వయంగా వచ్చి ఎర్ర గుర్తు గీకేశాడు. పిన్ని అప్పుడు ఊపిరి పీల్చుకుంది.

తర్వాత అతిథులకు రొట్టెముక్కల మధ్య మాంసం పెట్టి పంచారు. మంత్రిగారు రుచి బాగుందని మళ్లీ అడిగి పెట్టించుకున్నారు. కార్లు వెళ్లిపోయాక, శాఖవాళ్లు వదిలేసిన ఖాళీ మాంసం డబ్బాలు కుడితి పోయడానికి పనికొస్తాయని పిన్ని ఏరి కడిగింది. ఒక డబ్బాను వెలుగులోకి ఎత్తి చూసింది. దాని మీద నల్లటి ఒళ్లు, తెల్లటి పట్టీ, నిక్కబొడుచుకున్న రెండు చెవులు, మెడలో నీలి రిబ్బను.

"కింద ఏం రాసుందే?" అని అడిగింది.

"ఏదో దూరదేశం పేరు పిన్నీ. ఇది అచ్చంగా వాళ్ల పందేనట."

దొడ్డిలో పంది చాలా రోజుల తర్వాత తొట్టిలో మూతి పెట్టింది. ఎడమ చెవి హాయిగా కుడితిలో తడుస్తోంది. పిన్ని కాసేపు దాన్నే చూసి, డబ్బా నాకు అందించింది.

"బొమ్మ గోడవైపు తిప్పి పెట్టు. వాళ్ల కంటపడితే మళ్లీ చెవి లేపడానికి వస్తారు."