సంతకం పెడితేనే పెట్టె

గడియారాలు బాగుచేసే ఆయన ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది: జేబు గడియారాన్ని పెట్టెలో పెట్టడం, పెట్టెను కొరియరుకు ఇవ్వడం, వచ్చి కాఫీ తాగడం. నెలల తరబడి భూతద్దం కింద కళ్ళు నొప్పెట్టేలా కూర్చుని ప్రాణం పోసిన పాత గడియారమది. ఊరికి ఆ చివరనున్న ఒక పెద్దావిడ దాన్ని ఆన్‌లైన్‌లో కొన్నది. చివరిసారిగా కీ ఇచ్చి, చెవికి ఆనించుకుని, ఆ టిక్కుటిక్కులకు ఆయన మురిసిపోతున్న వేళ బావమరిది వచ్చాడు.

"సంతకం తీసుకునే పద్ధతిలోనే పంపుతున్నావా, బావా?"

మురిపెం ఆవిరైపోయింది. కిందటి నెల ఒక బల్లగడియారం "నాకు అందలేదు" అన్న ఒక్క మాటతో మాయమైంది. అందినట్టు సంతకం చూపలేకపోయినందుకు వెబ్‌సైటువాళ్ళు కొన్నవాడి మాటే నమ్మారు. ఖరీదైన వస్తువు పుచ్చుకున్నవారి సంతకం ఉంటేనే అమ్మినవాడికి రక్షణ అన్నారు. ఇంకొక్క ఫిర్యాదు వస్తే ఆయన ఆన్‌లైన్ అంగడికి తాళమేనని కూడా అన్నారు.

ఆయన గబగబా చెక్కపెట్టె మూత వేశాడు. దానికి అట్టపెట్టె, అట్టపెట్టెకు టేపు, టేపు మీద మళ్ళీ టేపు. సంతకానికి అదనపు రుసుము కట్టాడు. అదీ చాలదనిపించి ఎర్ర సిరాతో పెద్ద అక్షరాలు రాశాడు: చిరునామాదారు స్వయంగా సంతకం చేయనిదే మరెవ్వరికీ ఇవ్వరాదు. అదీ చాలదనిపించి పెద్దావిడకు ఫోన్ చేశాడు. పెట్టేసి, మళ్ళీ చేశాడు. మూడోసారి బతిమాలుకున్నాడు.

"అమ్మా, సంతకం మాత్రం మీ చేత్తో మీరే పెట్టాలండీ. లేకపోతే నా కొంప మునుగుతుంది."

ఆ పెద్దావిడ బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. సంతకం కోసం ఇంతగా బతిమాలేవాడు ఎవరి కొంప ముంచడానికి తిరుగుతాడో ఆమెకు బాగా తెలుసు. కొరియరతను రాగానే ముందు విప్పి చూపించమంది. ముందు సంతకం, తర్వాతే విప్పడం అన్నాడతను. ఆమె తలుపు వేసేసి, గడియారాలాయనకు సందేశం పంపింది: సంతకం పెట్టను, మళ్ళీ ఫోన్ చేస్తే పోలీసులకు చెబుతాను.

ఆయన దుకాణం భార్యకు అప్పజెప్పాడు. కనబడ్డ ఆటో ఎక్కి ఆవిడ ఇంటికి పరుగెత్తాడు. అదే సమయంలో, అదే రోడ్డు మీద, వద్దన్న పెట్టెతో కొరియర్ బండి ఆయన దుకాణానికి తిరిగి వెళుతోంది.

తలుపు గొలుసు సందులోంచి పెద్దావిడ ఆయన్ను నిలదీస్తుండగా ఫోన్ మోగింది. భార్య. కంగారులో స్పీకరు నొక్కాడు.

"ఏమండీ, పెట్టె వెనక్కొచ్చింది. నాకివ్వనంటున్నాడు. పెళ్ళయినప్పటి నుంచి ఈయనకు వచ్చిన తిట్లన్నీ నేనే పుచ్చుకున్నాను బాబూ అన్నా వినట్లేదు."

"తిరిగొచ్చిందానికి చిరునామాదారు మీరే కదా సార్," అన్నాడు కొరియరతను వెనకనుంచి. "ఎర్ర సిరాతో మీరే రాశారు."

తలుపు గొలుసు ఊడింది.

"కట్టుకున్న భార్యక్కూడా ఇవ్వనివ్వలేదంటే మీరు మోసగాడు కాదు," అంది పెద్దావిడ. "వేరే జబ్బేదో ఉంది. తెమ్మనండి, పెడతాను."

కొరియరతను తిట్టుకుంటూనే వచ్చాడు. పెద్దావిడ కళ్ళద్దాలు తుడుచుకుని, అక్షరం అక్షరం చెక్కినట్టు సంతకం చేసింది. టేపు తీశారు, టేపు కింద టేపు తీశారు, చెక్కపెట్టె మూత తెరిచారు. మఖమలు గుడ్డ మధ్యన గుండ్రటి గుంట ఉంది. గుంటలో ఏమీ లేదు.

సరిగ్గా అప్పుడే ఆయన ఫోన్ టింగుమంది. సంతకం నమోదైందని, ఈ అమ్మకంలో ఆయనకు సంపూర్ణ రక్షణ లభించిందని వెబ్‌సైటు అభినందించింది.

"అంటే ఇప్పుడు నేను ఫిర్యాదు చేసినా చెల్లదు," అంది పెద్దావిడ మెల్లగా.

"చెల్లదండీ," అన్నాడాయన తల వంచుకుని. చెవి దగ్గరి టిక్కుటిక్కులూ, బావమరిది ప్రశ్నా, ఆపైన గడియారంతో సహా తన చేయి బల్లకేసి వెళ్ళడమూ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. వెంటనే భార్యకు ఫోన్ చేశాడు. ఏ గడియారమని అడిగిందావిడ. అక్కడ అన్నీ టిక్కుటిక్కుమంటున్నాయట. భూతద్దం పక్కనున్నది పట్టుకుని రమ్మన్నాడు.

అది వచ్చేదాకా పెద్దావిడ ఆయన్ను కుర్చీలోంచి లేవనివ్వలేదు.

భార్య ఆటో దిగి, చేతిరుమాలులో మూటగట్టిన గడియారాన్ని ఆవిడ అరచేతిలో పెట్టింది. పెద్దావిడ దాన్ని చెవికి ఆనించుకుంది, ముఖం విప్పారింది.

"ఇక ఈయన్ని తీసుకెళ్ళనా అమ్మా?" అంది భార్య.

పెద్దావిడ సొరుగులోంచి ఒక తెల్లకాగితం తీసి ముందుకు జరిపింది.

"సంతకం పెట్టమ్మా. ఊరికే ఇవ్వను."

భార్య కలం అందుకుని, భర్తను పైనుంచి కిందిదాకా ఒకసారి పరకాయించి చూసి, వద్దనే వీలుందేమో అడిగి, లేదన్నాక సంతకం పెట్టింది.