అమ్మను చూస్తే సెలవు

ఆ సోమవారం పొద్దున నాగేందర్ పళ్ల బ్రష్షును కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మార్చుకున్నాడు. చిక్కడపల్లిలో ఒక కుటుంబం వారంపాటు నోటికి ముద్ద రుచించక బతకడానికి అదే మొదలు.

అతను హిమాయత్‌నగర్‌లో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. సూపరింటెండెంటు కావాలంటే శాఖాపరీక్ష పాసు కావాలి. అందులో పుస్తకం చూడకుండా రాయాల్సిన నిబంధనల పేపరు అతన్ని ఇదివరకే రెండుసార్లు కింద పడేసింది. మొదటిసారి తల్లి భూదేవి, కొడుకు మీది నమ్మకంతో, ఫలితాలు రాకముందే సందంతా పేడాలు పంచింది. ఫలితాలు వచ్చాక, తిన్నవాళ్లు తిరిగి ఇవ్వలేకా, అతని మొహం చూడలేకా చాలా అవస్థపడ్డారు. అందుకే మూడోసారి పరీక్ష కట్టిన సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, భార్య మహేశ్వరికి కూడా. ఆఫీసులో ఆడిట్ ఉందన్నాడు. నలభై ఐదు దాటితే పై పోస్టుకు దారి మూసుకుపోతుందని ఆఫీసులో అనుకుంటున్నారు. అతనికి నలభై నాలుగు.

తెలివికి లోటు లేదు, నిలకడకే లోటు. పుస్తకం తెరిస్తే చాలు, పై అంతస్తులో ఇంటి ఓనరు రాజేశం రేడియో, పక్కింటి కుక్కర్ కూత, సందులో ఉల్లిగడ్డల బండి కేక, అన్నీ కలిసి వచ్చి పేజీ మీద కూర్చునేవి. లైబ్రరీకి పోయి చూశాడు. అక్కడ అశోక్‌నగర్ హాస్టళ్ల పిల్లలు, ఊళ్ల నుంచి గ్రూప్స్ రాయడానికి వచ్చినవాళ్లు, పొద్దున వంచిన తల మధ్యాహ్నం దాకా ఎత్తేవారు కాదు. వాళ్లంత బాగా ఎలా చదువుతున్నారో చూస్తూ కూర్చోవడంతో నాగేందర్‌కు పొద్దుపోయేది.

అప్పుడే నారాయణగూడలో ఒక మేడ మీద, రిటైరైన లెక్చరర్ చెన్నయ్య సారు సాయంత్రాలు చెప్పే ‘మెదడుకు కసరత్తు’ క్లాసులో చేరాడు. కింద డబుల్ డెక్కర్ బస్సులు మలుపు తిరుగుతుంటే పైన కుర్చీలు వణికేవి. ఆ వణుకులోనే సారు ఏకాగ్రత నేర్పేవాడు.

“మెదడంటే స్కూటర్ అనుకోండ్రి. ఒక్కటే గేర్ల నడిపితే జామైతది. ఎడమ చేత్తోని పండ్లు తోముకోండ్రి. రోజూ ఒక్క తొవ్వనే ఆఫీసుకు పోకుండ్రి. ఎవరన్న ఏమన్న అడిగితే గబుక్కున జవాబియ్యకుండ, ఊపిరి నిండుగ పీల్చి, ఇడిసి, అప్పుడు మాట్లాడుండ్రి. మనసు గట్టిపడ్తది. ఇగ యాదుంచుకునే సంగతులు తెల్సిన మొఖాలకు తగిలియ్యుండ్రి. మొఖం గనపడంగనే సంగతి యాదికొస్తది.”

నాగేందర్ శ్రద్ధగా తగిలించాడు. సెలవు నిబంధనలు తల్లికి, ఎందుకంటే ఆమె రాజ్యంలో ఎవరికీ సెలవు దొరకదు. కుటుంబ పెన్షన్ మహేశ్వరికి, అది వేరే ఎవరికీ తగిలించే వీలు లేదు కనుక. సస్పెన్షన్ రాజేశానికి, ఆ మొహానికి అదే నప్పింది.

ఇక సోమవారం పొద్దున. ఎడమచేతి బ్రష్షు నోటికంటే చెంపను ఎక్కువగా తోముతుండగా భూదేవి చూసింది.

“కుడి చెయ్యేమయిందిరా?”

నాగేందర్ ఊపిరి నిండుగా పీల్చాడు. వదిలాడు. “ఏం కాలేదమ్మా.”

“ఏం కాలేదననీకె గింత సేపా?”

అతను తల్లి మొహంలోకి చూశాడు. వెంటనే పాఠం గుర్తొచ్చింది. కళ్లు మూసుకుని, నురగల మధ్య నుంచి ఆర్జిత సెలవు, అర్ధవేతన సెలవు అని వల్లించాడు. భూదేవికి వినిపించింది ఒక్క ముక్కే. ఆమె నేరుగా వంటింట్లోకి పోయి కోడలి ముందు కూలబడింది.

“మహేశ్వరీ, వాడు నన్ను జూసి సెలవంటున్నడే!”

“ఆదివారం సెలవు సంగతేమో అత్తమ్మా.”

“ఆదివారం సెలవైతె కండ్లు మూసుకోని అంటరా? ఇగ పోయొస్త అన్నట్టె అన్నడు. కుడి చెయ్యి గూడ లేస్తలేదు.”

మహేశ్వరి బి.ఏ. చదివింది, తొందరగా బెదిరే మనిషి కాదు. సాయంత్రం చాయ తెచ్చిచ్చినప్పుడు భర్త ఆమె మొహం వైపే రెప్ప వేయకుండా చూశాడు. పెళ్లయిన కొత్తలో తప్ప అలా చూసిందే లేదు. ఆమె సిగ్గుపడి ముంగురులు సవరించుకుంటుండగా అతని పెదవులు కదిలాయి. “ఉద్యోగి మరణించిన మరుసటి రోజు నుంచి… భార్యకు… ఆమె తిరిగి పెళ్లి చేసుకునేదాకా…”

“ఏమన్నరు?”

ఊపిరి లోపలికి. ఊపిరి బయటికి. “ఏం లేదు.”

మహేశ్వరి బి.ఏ. అక్కడితో అక్కరకు రాకుండా పోయింది. మనిషి తన చావు గురించి అంత శాంతంగా, అంత చక్కటి గ్రాంథికంలో మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు.

మిగిలిన ముక్కను బుధవారం రాజేశం తెచ్చిచ్చాడు. మెట్లు దిగుతుంటే కిరాయిదారు ఎదురై, తనవైపు తేరిపార చూసి, “సస్పెన్షన్ కాలంలో సగం జీతం” అని గొణుక్కుంటూ పోయాడట. రాజేశం మొహం గంటుగా ఉన్నా మనసు మెత్తన. నేరుగా మహేశ్వరి దగ్గరికి వచ్చాడు.

“పరేషాన్ గాకు బిడ్డా. నాగేందర్‌ను సస్పెండ్ చేసిన్రని తెల్సింది. కిరాయి సంగతి తర్వాత జూద్దాం.”

“సస్పెండా? రోజూ ఆఫీసుకు పోతున్నడు గద!”

“ఏడ పోతున్నడమ్మా? హిమాయత్‌నగర్ పోయేటోడు మొన్న బాగ్ లింగంపల్లి దిక్కు పోతుంటె జూసిన. నిన్న అశోక్‌నగర్ల తిరుగుతున్నడు. తొవ్వ మర్శిండనుకున్న. ఇప్పుడు సమజైంది, ఆఫీసే లేకపాయె.”

ముగ్గురూ కూర్చుని లెక్క కట్టారు. మెదడుకు ఏదో అయింది. దానివల్ల చెయ్యి పోయింది, మాట నెమ్మదించింది, దారి తప్పింది, కొలువు ఊడింది. పాపం ఇంట్లోవాళ్లు బాధపడతారని పైకి చెప్పకుండా ఒక్కొక్కరి దగ్గరా సెలవు తీసుకుంటున్నాడు.

“నోరిప్పి అడగకుండ్రి. అడిగితె ఆ ఉన్న ధైర్యం గూడ ఇరుగుతది,” అని భూదేవి తీర్మానించింది.

ఆ రోజు నుంచి ఇల్లు మారిపోయింది. రాజేశం రేడియో కట్టేశాడు. ఇంట్లో టీవీ మీద దుప్పటి కప్పారు. పక్కింటివాళ్లు కుక్కర్ మానేసి గిన్నెలో వండుకున్నారు. ఉల్లిగడ్డల బండివాడు సందు మొదట్లో నోరు మూసుకుని, చివరకు పోయాక తెరిచేవాడు. పొద్దున్నే నానబెట్టిన బాదం గింజలు పొట్టు తీసి కంచం పక్కన ప్రత్యక్షమయ్యేవి. చుట్టూ శబ్దాలు వినిపించడం మానేశాయని, చెన్నయ్య సారు కసరత్తు అద్భుతంగా పనిచేస్తోందని నాగేందర్ మురిసిపోయాడు. జీవితంలో అంత హాయిగా ఎన్నడూ చదవలేదు.

ఆదివారం వచ్చింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబుకు రెండు పెన్నులు తగిలించుకుని, “ఆడిట్ ఉంది, పోయొస్త” అన్నాడు. గుమ్మం ముందు ఆటో ఆగి ఉంది. ముందు సీటులో డ్రైవర్‌కు ఆనుకుని రాజేశం.

“ఎక్కురా నాయనా,” అంది భూదేవి, చాలా ఏళ్ల తర్వాత అంత మెత్తగా. “నారాయణగూడల డాక్టర్ సాబ్ మనకోసమనే కూసున్నడు.”

పరీక్ష అని చెబితే అయిపోయేది. కానీ సందు నిండా జనం నిలబడి ఉన్నారు, వాళ్లంతా వెనకటి పేడాలు తిన్నవాళ్లే. డాక్టర్‌కు మొహం చూపించి అటునుంచి అటే కోఠిలో పరీక్ష జరిగే కాలేజీకి పోవచ్చని లెక్కేసుకుని ఎక్కాడు.

డాక్టర్ పెద్దమనిషి. మెల్లగా మొదలుపెట్టాడు. “నీ పేరేంది నాయనా?”

ఊపిరి లోపలికి. ఊపిరి బయటికి. “నాగేందర్.”

డాక్టర్ ఏదో రాసుకున్నాడు. “మంచిది. ఈమె ఎవరు?”

పరీక్ష నెత్తిమీద ఉంది. నాలుక చివర నిబంధనలు తప్ప మరేమీ లేవు. “కుటుంబ పెన్షన్,” అన్నాడు నాగేందర్. మహేశ్వరి కొంగు నోట్లో కుక్కుకుంది.

“ఈ పెద్దమ్మ?”

“సెలవు.”

“ఈయన?”

“సస్పెన్షన్.”

“నేను జెప్పలే?” అన్నాడు రాజేశం.

డాక్టర్ పెన్ను మూత పెట్టాడు. “ఇయ్యాల్నే అడ్మిట్ చెయ్యాలె.”

నాగేందర్ కుర్చీలోంచి ఎగిరి లేచాడు. ఈసారి ఊపిరి పీల్చుకోలేదు. “అడ్మిటా? నాకు పరీక్షున్నది సార్!”

“అవును నాయనా, చేస్తరు,” అని తల్లి అనునయించింది. “రక్తపరీక్ష, ఉచ్చపరీక్ష, అన్ని చేస్తరు.”

“రాసే పరీక్షమ్మా! కోఠిల! ఇంకొంచెం సేపైతె గేటేస్తరు!” అంటూ జేబులోంచి హాల్ టికెట్ తీసి బల్ల మీద కొట్టాడు, కుడిచేత్తో.

ఆ చెయ్యి అంత ఎత్తుకు లేవడం చూసి భూదేవి దేవుడికి దండం పెట్టుకుంది. మహేశ్వరి టికెట్ అటూ ఇటూ తిప్పి చదివింది.

“మరి నేను తిరిగి పెండ్లి చేసుకునుడు?”

“అది రూలే!”

“ఆ రూలేదో చాయ తాగి చెప్తె కాదా? వారం నుంచి ఏడుస్తున్న! నాకెందుకు చెప్పలే?”

“మూడోసారి గూడ పోతే నీ మొఖం ఎట్ల జూడాలె?” అన్నాడు నాగేందర్. ఆ మాట ఏ పుస్తకంలోదీ కాదు.

మహేశ్వరి హాల్ టికెట్ అతని జేబులో పెట్టింది. అతని చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. ఆటో కోఠి దాకా ఎలా పోయిందో డ్రైవర్‌కు కూడా తెలియదు, నడిపింది భూదేవి నోరు. మూస్తున్న గేటు సందులోంచి నాగేందర్ లోపలికి దూరాడు.

ప్రశ్నపత్రం చూడగానే అతని తలలో ఉన్నదంతా ఎవరో తడిగుడ్డతో తుడిచినట్టయింది. కళ్లు మూసుకుని తల్లి మొహం తెచ్చుకున్నాడు. దవాఖానలో దండం పెట్టుకున్న మొహమే వచ్చింది తప్ప దానికి ఒక్క సెలవూ అంటుకుని లేదు. నిస్సహాయంగా కిటికీలోంచి చూశాడు.

గేటు అవతల గోడ పక్కన ముగ్గురూ ఉన్నారు. భూదేవి నెత్తిన కొంగు వేసుకుని, ఎందుకో రాజేశాన్ని వాయిస్తోంది. ఇది అసలు మొహం. ఆర్జిత సెలవు కదిలింది, వెనకే అర్ధవేతన సెలవు, ప్రసూతి సెలవు బారులు తీరి వచ్చాయి. అటునుంచి మహేశ్వరి తలెత్తి కిటికీవైపు చూసింది. పెన్షన్ మొత్తం రెండు పేజీలు నిండింది.

కాపలా ఉన్న సారు పక్కన వచ్చి నిలబడ్డాడు. “ఏం బాబూ, మాటిమాటికి బయటికి చూస్తున్నవ్?”

“మా ఇంటోళ్లు సార్. ఎండల ఉన్నరు.”

సారు కిటికీలోంచి వంగి చూశాడు. కాగితాలు చూపించేవాళ్లలా అగపడలేదు. ఇద్దరు ఆడవాళ్లు, ఒక గంటు మొహం. కాపీ కొట్టడానికి అందులో ఏముందో అర్థంకాక పోయాడు.

సస్పెన్షన్ ప్రశ్న సగంలో ఉండగా గంటు మొహం మాయమైంది. రాజేశం ఇరానీ హోటల్ వెతుక్కుంటూ పోయాడు. నాగేందర్ పెన్ను ఎత్తిపట్టుకుని ఎదురుచూశాడు. ఆయన చాయ తాగి, ఉస్మానియా బిస్కెట్ల పొట్లంతో తిరిగొచ్చేసరికి గంట కొట్టారు.

ఫలితాలు వచ్చాయి. పాసయ్యాడు, అంచు మీద. సస్పెన్షన్ ప్రశ్నలో మార్కులు ఎందుకు పోయాయో తెలిసి రాజేశం కొన్నాళ్లు చాయ మానేశాడు. “నా ప్రశ్నకెన్నొచ్చినయిరా?” అని భూదేవి రోజూ అడిగేది. తనకే ఎక్కువ వచ్చాయని మహేశ్వరి వంటింట్లోంచి వినపడేలా అనేది. ఆ ఇంట్లో అత్తాకోడళ్ల మధ్య పోటీ అంతవరకూ వంటల్లోనే ఉండేది.

సూపరింటెండెంటు కుర్చీలో కూర్చున్న నెలకు, అదే పరీక్ష నాలుగుసార్లు తప్పిన బాలకిషన్ అనే తోటి గుమాస్తా మిఠాయి డబ్బాతో ఇంటికొచ్చాడు. నాగేందర్‌ను పలకరించి, నేరుగా భూదేవి ముందు చాప మీద కూర్చున్నాడు.

“అమ్మా, వచ్చేసారి జర నా పరీక్షకు గూడ గేటు కాడికొచ్చి కూసుంటవా?”

భూదేవి అతన్ని కిందినుంచి పైదాకా చూసి సరేనంది, కాకపోతే ఎండాకాలం పరీక్షలు తాను ఒప్పుకోనంది.