కారని కారు

అఖిల మిరపలోక కారప్రతాప భాసురమై, పత్తిపింజలు ఆకాశమున శ్వేతచ్ఛత్రములు పట్టుచుండ, మిర్చి యార్డు గాలికి తుమ్ములే దుందుభులై మ్రోగుచుండ, మాఘమాసపు చివరి వారమున వెలుగొందు గుంటూరు శివారున, నల్లపాడు స్టేషనుకు కూతవేటు దూరమున జరిగిన ఘోర సంగ్రామమును వినిపించెదను. మొదటి సమాసము దుష్టమని పండితులు తుమ్మవచ్చును. ఆ తుమ్ము వ్యాకరణము వలన వచ్చినది కాదు, ఘాటు వలన వచ్చినది.

అచట మిర్చి రైతు చెంచురామయ్య, అరువది రెండేళ్లవాడు, పడుచుదనమున కన్న కలను నిరుడు ఇంటికి తెచ్చుకొనెను. అది యాభై ఏళ్లనాటి ఎర్రని స్పోర్ట్స్ కారు. దానికి రేడియేటరు లేదు, నీళ్లతో పని లేదు. ఇంజను వెనుక భాగమున కొలువుండి కేవలము గాలితోనే చల్లబడును. అయితే గాలి లోపలికి పోయినంత సులువుగా నూనె బయటికి వచ్చుచుండెను. రంగవల్లీ సామ్రాజ్ఞి, అర్ధాంగి బసవమ్మ, తాను కడిగిన పోర్టికోలో నల్లని మరకలను చూచి కోపముతో ఊగిపోయెను.

"ఏవండీ, పేరు పెట్టినవాడు తెలిసే పెట్టాడు. కారుతుంది కాబట్టే కారు! ఆదివారం పొద్దున్నే, చక్రాలు తగలకుండా నడిమధ్యన ముగ్గేస్తాను. స్టేషన్ దాకా తిప్పి తెచ్చి దాని మీద నిలబెట్టండి. పన్నెండింటికి చూస్తా. నేను పెట్టిన చుక్కలు కాక ఇంకొక్క చుక్క కనబడిందా, సోమవారం పాత ఇనప కొట్టుకే!"

ఆ కారుతో పాటు తన పడుచుదనము కూడా తూకానికి పోవునని చెంచురామయ్యకు నిజముగనే భయము వేసెను. చిలకలూరిపేట హైవే మీద లారీ ఇంజన్లను లొంగదీయు మీరా హుస్సేనును తక్షణమే రప్పించి, ఒకప్పుడు నాటకములలో వేషము కట్టిన గొంతు సవరించుకొని ఇట్లు గర్జించెను.

"ఓయీ స్పానరాయుధపాణీ! డీజిలు మత్తేభ గర్వభంజనా! ఈ తైలధారను నిలువరించి, నా శోణవర్ణ రథమును కాపాడుము!"

"ఎందుకండీ అంత గొంతు, పక్కనేగా ఉన్నాను," అనెను మీరా హుస్సేన్. "కారుతుంటే బిగించాలి. అంతే."

లారీల లోకమున బిగింపే ధర్మము. మొదటి రోజు అతడు స్పానరుకు బారెడు గొట్టము తొడిగి బిగించగా బోల్టు మరలు పోయి, నూనె రెండింతలై కారెను. రెండవ రోజు అతుకులన్నిటికీ గమ్ము దట్టముగా పులిమెను. నూనె ఆ గమ్మును పక్కకు నెట్టి, కొత్త దారి చూచుకొనెను.

టీ తెచ్చిన బసవమ్మ గ్లాసులు ఠక్కున పెట్టెను. "ఏం హుస్సేన్, కుక్కర్ ఆవిరి పోతుంటే మూత మీద సుత్తితో కొడతామా? పాత రబ్బరు తీసేసి, అంచు శుభ్రంగా తుడిచి, కొత్తది వేస్తాం. ఇంత వయసొచ్చింది, ఇద్దరికీ తెలీదా?"

వీరులిరువురు ఒకరి మొగమొకరు చూచుకొనిరి. శత్రుశిబిరము నుండియే దివ్యాస్త్రము వచ్చి ఒడిలో పడెను.

ఇంజను నేలకు దిగెను. ఇంజనులో నూనె పారు ఎనిమిది గొట్టముల కొనలనున్న పదహారు రబ్బరు రింగులు ఎండిన మిరపతొడిమల వలె గట్టిపడి, గోరు తగిలినంతనే విరిగెను. మీరా హుస్సేన్ పాత గమ్మును గీకి, అంచులను పెట్రోలు గుడ్డతో తుడిచి, కొత్త రింగులకు పలుచగా నూనె రాసి కూర్చి, పోయిన బోల్టు మార్చి, అన్నిటినీ ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించెను. చేయి ఇంకొక్క తిప్పుకు ఉవ్విళ్లూరగా, "చాలు హుస్సేన్, చాలు!" అని చెంచురామయ్య అతని మణికట్టు పట్టుకొనెను. ఇరువురి కన్నులు చెమ్మగిల్లెను. పెట్రోలు ఘాటు వలన కూడా కావచ్చును.

ఆదివారము వచ్చెను. రథము స్టేషను దాకా పోయి వచ్చి ముగ్గు మీద నిలిచెను. చెంచురామయ్యకు కూర్చుండి తినుటకు మనసొప్పక, ఇడ్లీలు, పండుమిరప పచ్చడి, దాని మీద ధారాళమైన నూనె గల పళ్లెమును చేతబట్టి, రథమునకు ప్రదక్షిణలు చేయుచు, వంగి వంగి తొంగి చూచుచుండెను.

పన్నెండు కొట్టెను. కారును వెనుకకు నెట్టిరి. ముగ్గు అంచున, ఎవరూ పెట్టని చుక్క!

చెంచురామయ్య పళ్లెముతో సహా నేల మీద కూలబడెను. బసవమ్మకు కూడా మనసు చివుక్కుమనెను. మీరా హుస్సేన్ మాత్రము మోకరిల్లి, చుక్కను వేలితో అద్ది, వాసన చూచి, తుమ్మి, నాలుకకు రాచుకొనెను.

"అమ్మా, ఇంజన్ ఆయిల్ ఎర్రగా ఉండదు. ఇంత రుచిగా అసలుండదు. ఇది మీ పండుమిరప పచ్చడి నూనె. కారింది కారు కాదు, కారం!"

ముగ్గురి చూపులు పళ్లెము మీదికి పోయెను. దాని అంచు నుండి రెండవ చుక్క అప్పుడే జారుచుండెను.

"ఓహో, కారేది మీరన్నమాట!" అని బసవమ్మ నవ్వు ఆపుకొనలేకపోయెను. "మరి మిమ్మల్ని ఏ కొట్లో వెయ్యను?"

ఆమె ముగ్గు గిన్నె తెచ్చి, ఆ ఎర్రచుక్క చుట్టూ ఒక మెలిక తిప్పి ముగ్గులో కలిపివేసెను. ఇట్లు నల్లపాడు మహాసంగ్రామమున ఒక్క ఇంజను చుక్కయు నేల రాలకుండ విజయము సిద్ధించెను. కారుకు అభయము దొరికెను. చెంచురామయ్య మాత్రము ఇకపై పీట మీద కూర్చుండియే తినవలెనని శాసనము వెలువడెను.